చెంబులో పది గింజలు



ఈ ఏడు వాన బాగా పడుతుందా? ముందుగా ఎవరూ గట్టిగా చెప్పలేరు. కార్తెలు చూసేవాళ్ళూ చెప్పలేరు. రేడియో కూడా కొంతవరకే చెబుతుంది. అయినా విత్తనం కొనాలి. బోరు కింద ఏం వేయాలో తేల్చుకోవాలి. అందుకో లెక్క ఉంది.

పది చింతగింజలు తెచ్చుకోండి. పోయిన పదేళ్ళను ఒక్కొక్కటిగా గుర్తు చేసుకోండి. ఏ ఏడు చెరువు నిండింది? ఏ ఏడు బోర్లు ఎండాయి? మంచి ఏటికి నల్లగింజ ఉంచండి. కరువు ఏటికి గింజకు సున్నం పూయండి. ఆరు నల్లవి, నాలుగు తెల్లవి అయ్యాయనుకోండి. అన్నీ చెంబులో వేసి, కళ్ళు మూసుకుని ఒకటి తీయండి. వచ్చే ఏడు అలాంటిదే. నల్లది రావడానికే ఎక్కువ వీలుంది. అలాగని తెల్లది రాదని కాదు.

తీసిన గింజను మళ్ళీ చెంబులో వేయండి. కలిపి ఇంకోటి తీయండి. "నిరుడు పడలేదు కదా, ఈసారి తప్పక పడుతుంది" అంటారు ఇంట్లో మగవాళ్ళు. నిరుడు ఏ గింజ వచ్చిందో చెంబుకేం తెలుసు?

ఒక అక్కకు బోరు కింద రెండెకరాలు ఉందనుకోండి. రెండూ వరి వేసింది. నల్లగింజ ఏడు గాదె నిండుతుంది. తెల్లగింజ ఏడు పొట్ట మీదున్న పైరు ఎండుతుంది. కొత్త బోరుకు పుస్తెలు తాకట్టుకు పోతాయి. తాగేనీళ్ళకు బిందె పట్టుకుని దూరం నడిచేది కూడా ఆమే.

అదే అక్క తిండికి అరెకరం వరి వేసి, మిగతాది రాగి, వేరుశనగ వేస్తే? ఎకరం వరి తాగే నీళ్ళతో ఈ ఆరుతడి పైర్లు రెండెకరాలు పండుతాయి. మంచి ఏడు రాబడి కాస్త తగ్గొచ్చు. కరువు ఏడు మాత్రం ఎంతో కొంత చేతికొస్తుంది.

తొలకరిలో చెంబే దిక్కు. రబీకి అలా కాదు. వాన అప్పటికే పడి ఉంటుంది. కొలిచి చూసుకోవచ్చు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన అంటే 4,000 లీటర్లు. 20 లీటర్ల బిందెలైతే 200. రాతి నేలలో అందులో ఇంచుమించు పదో వంతే లోపలికి ఇంకుతుంది.

ఇలా కొలిచిన ఊళ్ళున్నాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుంచి కొన్నేళ్ళు ఈ పని జరిగింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 600కు పైగా ఊళ్ళు చేరాయి. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయం చేసింది. రైతులే వాన కొలిచారు. బోర్లలో నీటి మట్టం చూశారు. గడియారం పెట్టుకుని, డ్రమ్ము ఎంతసేపట్లో నిండుతుందో రాశారు. ఆడవాళ్ళూ నేర్చుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చున్నారు. నేలలో నీళ్ళెన్ని, వేయదలచిన పైర్లకు కావలసినవెన్ని? అందరికీ కనబడేలా రాశారు. బలవంతం ఏమీ లేదు. చాలామంది వరి తగ్గించుకున్నారు. కొందరు తగ్గించలేదు.

మీ ఊళ్ళో వాన కొలవాలంటే రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూడాలి. వాన పడని రోజు సున్నా వేయాలి. చాలామంది దాన్ని వదిలేస్తారు. సంఘంలో ఇద్దరు అక్కలు వారం మార్చి వారం చూసుకుంటే సరిపోతుంది.