పెట్టె మీది అంకె, చీటీ మీది అంకె



కంప్యూటరు వాడే పిల్లలున్న ఇళ్లల్లో ఈ మధ్య ఒక కోరిక తరచుగా వినబడుతోంది. "గ్రాఫిక్స్ కార్డు కొనిపెట్టండి" అని. ఆటల కోసమేనని పెద్దవాళ్లం అనుకుంటాం. చాలావరకు నిజమే కూడా. అయితే బొమ్మలకు కదలిక నేర్పడం, వీడియోలు కూర్చడం, కట్టబోయే ఇంటిని ముందుగానే తెర మీద చూపించడం వంటి పనులు నేర్చుకునేవారికీ ఆ కార్డు అవసరమే. మా అబ్బాయి రెండో రకం. అలాగని వాడు చెప్పాడు, నేను నమ్మాను.

ఈనాటి నా ప్రసంగం ఆ కార్డు గురించి కాదు. దానికి కరెంటు అందించే ఇనుప డబ్బా గురించి. బజారులో దాన్ని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును తీసుకుని, కంప్యూటరు లోపలి భాగాలకు కావలసిన 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ఇవ్వడం దాని పని. ప్రాసెసరు ఏది, మెమొరీ ఎంత అని అందరం అడుగుతాం. దీన్ని మాత్రం ఎవరం అడగం. కేబినెట్టుతో పాటు ఊరికే వచ్చిన వస్తువు కదా!

మేముండేది హోసూరులో. బెంగుళూరు నలభై కిలోమీటర్లు. కంప్యూటరు సామాను కావాలంటే మా ఊరివాళ్లకు అక్కడి ఎస్.పి. రోడ్డే దిక్కు. బేరం సగం కన్నడంలో, సగం తమిళంలో నడుస్తుంది, మనసులో లెక్క మాత్రం తెలుగులోనే. అలాగే బేరమాడి, ఆర్.టి.ఎక్స్. 3060 అనే కార్డు ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాం. "మేడమ్, మీ ఎస్.ఎం.పి.ఎస్. ఎంత?" అని అడిగాడు కొట్టు అబ్బాయి. పెట్టె మీద ఉన్నది చూసి వచ్చాను గనుక 450 వాట్లని చెప్పాను. "ఏం పరవాలేదు" అన్నాడు. కార్డుకు ఎనిమిది పిన్నుల సాకెట్టు ఉంది. మా డబ్బాలో అటువంటి తీగ లేదు. దానికీ ఒక ఉపాయం చూపించాడు. హార్డు డిస్కులకిచ్చే రెండు తీగలను కలిపి ఎనిమిది పిన్నులుగా మార్చే ముక్క ఒకటి చేతిలో పెట్టాడు.

వారం రోజులు బాగానే నడిచింది. ఉత్తరాలు రాసుకున్నా, సినిమా చూసినా ఇబ్బంది లేదు. అబ్బాయి బొమ్మను తయారుచెయ్యమని పెట్టి భోజనానికి లేచాడంటే మాత్రం, పళ్లెం ముందు కూర్చునేలోగా కంప్యూటరు టక్కున ఆగిపోయేది. కార్డు పట్టుకుని మళ్లీ బస్సెక్కాం. కొట్టులో వాళ్ల కంప్యూటరుకు తగిలిస్తే గంటసేపు నిక్షేపంగా పనిచేసింది. "మీ ఇంటి కరెంటు సరిలేదు" అన్నారు. స్టెబిలైజరు కొన్నాం. చివరికి ఒక సాయంత్రం చిన్న చప్పుడు, కాలిన వాసన. డబ్బాతో పాటు మదర్‌బోర్డూ, హార్డు డిస్కూ పోయాయి. ఆ డిస్కులో తెలుగు మాధ్యమం పిల్లలకోసం తొమ్మిదేళ్లుగా నేను టైపు చేసుకున్న పాఠాలున్నాయి, ప్రశ్నపత్రాలున్నాయి. సగానికే వేరే నకలు ఉంది. రాష్ట్రం బయట తెలుగులో బోధించే బళ్లకు అచ్చు సామగ్రి ఏపాటి దొరుకుతుందో మీలో టీచర్లకు నేను చెప్పనక్కరలేదు.

మా వీధిలో రిపేర్లు చేసే కుర్రాడు ఒకప్పుడు నా దగ్గరే పదో తరగతి చదువుకున్నాడు. డబ్బాను బయటికి తీసి, పక్కన అంటించిన చీటీ మీద వేలు పెట్టాడు. "మిస్, వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయని మీరే కదా చెప్పింది?"

చీటీ మీద 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లని ఉంది. గుణించండి, 192 వాట్లు. 5 వోల్టుల దగ్గర 25 ఆంపియర్లు, అంటే 125 వాట్లు. 3.3 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లు, అంటే 66. మూడూ కూడినా 383. పెట్టె మీద 450 ఎక్కడినుంచి వచ్చిందో అచ్చువేసినవాడికే తెలియాలి. పదిహేనేళ్లుగా ఆ సూత్రాన్ని నల్లబల్ల మీద రాస్తున్న నేను, ఇంట్లో ఉన్న చీటీని ఒక్కసారి చదవలేదు.

అసలు కిటుకంతా ఆ 12 వోల్టుల దగ్గరే ఉంది. పాతకాలపు కంప్యూటర్లలో ప్రాసెసరుకు కరెంటు ఎక్కువగా 5 వోల్టుల నుంచి పోయేది. 2000 సంవత్సరంలో పెంటియం 4 వచ్చినప్పటినుంచి ఆ భారం 12 వోల్టులకు మారింది. గ్రాఫిక్స్ కార్డు కూడా దాదాపు అంతా 12 నుంచే తీసుకుంటుంది. చవక డబ్బాలు కొన్ని ఇంకా పాత పద్ధతిలోనే 5 వోల్టుల వైపు బలం చూపి, మొత్తం అంకెను పెద్దది చేసుకుంటాయి. కనుక పెట్టె మీది అంకెను వదిలేసి, చీటీలో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లున్నాయో చూడండి. కొన్ని చీటీల మీద 12 వోల్టులు రెండు గడుల్లో ఉంటాయి. ఆ రెంటినీ కూడకండి. కిందనే రెండింటికీ కలిపి ఇవ్వగల వాట్లు వేరుగా రాసి ఉంటాయి, అదే మనకు కావలసింది.

ఇప్పుడు మా కంప్యూటరు లెక్క చూద్దాం. కార్డుకు 170 వాట్లు. ప్రాసెసరు పేరుకు 65 వాట్లదే గాని, పని మీద పడినప్పుడు నూరు దాటే రకం. 120 అనుకుందాం. మదర్‌బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు అన్నీ కలిపి 60. మొత్తం 350. పన్నెండుతో భాగిస్తే 29 ఆంపియర్లు. మా డబ్బా ఇస్తానన్నది 16! ఉత్తరాలు రాసేటప్పుడు ఎందుకు ఆగలేదో, బొమ్మ చేసేటప్పుడే ఎందుకు ఆగిందో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

లెక్క 350 అయితే, ఈ కార్డుకు 550 వాట్ల సప్లై ఉండాలని తయారీదారులైన ఎన్‌విడియావారు ఎందుకు చెబుతున్నారని మీరడగవచ్చు. కార్డు సెకనులో వెయ్యోవంతు కంటే చిన్న వ్యవధిలో, ఒక్క గుక్కన తన సగటు కంటే చాలా ఎక్కువ లాగుతుంది. మీటరు దాన్ని పట్టుకోలేదు గాని డబ్బా తట్టుకోవాలి. 2022లో వచ్చిన ఏ.టి.ఎక్స్. 3.0 ప్రమాణంలో ఇటువంటి గుక్కలను తట్టుకునే నియమాలు కూడా చేర్చారు. పైగా మన డబ్బా ఎటువంటిదో వాళ్లకు తెలియదు కదా, కాస్త ఎక్కువే చెబుతారు.

ఇక తీగల సంగతి. మదర్‌బోర్డు మీది స్లాటు నుంచి కార్డు 75 వాట్ల వరకు తీసుకోవచ్చు. జి.టి.ఎక్స్. 1650 వంటి చిన్న కార్డులు చాలావరకు దానితోనే సరిపెట్టుకుంటాయి, వేరే తీగ అడగవు. పాత డబ్బాను మార్చే స్తోమత లేనివారికి అదొక మంచి దారి. అంతకు మించితే ఆరు పిన్నుల తీగ 75, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లిస్తుంది. ఈ తీగ డబ్బా నుంచే పుట్టాలి. ముక్కలతో అతికించి తెచ్చుకోకూడదు. సాటా డిస్కుకిచ్చే కనెక్టరులో 12 వోల్టులకున్నది మూడు పిన్నులు, ఒక్కొక్కటి ఒకటిన్నర ఆంపియరు. మొత్తం 54 వాట్లు. దాని చేత 75 మోయించే ముక్కలు కూడా బజారులో అమ్ముతున్నారు! తీగలో కరెంటు రెండింతలైతే పుట్టే వేడి నాలుగింతలవుతుంది. ప్లాస్టిక్కు కరగక ఏం చేస్తుంది?

మరొక జాగ్రత్త. ప్రాసెసరుకిచ్చే తీగ కూడా ఎనిమిది పిన్నులదే, చూపుకు కవలలే. కాని దానిలో పాజిటివు ఉన్న వరుసలో దీనిలో నెగెటివు ఉంటుంది. గాడులు తేడాగా ఉండి సులువుగా దిగదు. దిగలేదంటే అది మనది కాదన్నమాట, బలవంతం చెయ్యవద్దు. కొత్తగా వస్తున్న పెద్ద కార్డులకు పదహారు పిన్నుల సన్న కనెక్టరు ఉంటుంది, 600 వాట్ల వరకు మోస్తుంది. 2022 చివరలో ఆర్.టి.ఎక్స్. 4090 కార్డుల దగ్గర ఇవి కరిగిన సంఘటనలు బయటపడ్డాయి. పూర్తిగా లోపలికి నెట్టకపోవడం ఒక కారణమని తేలింది. ఆ తరువాత కనెక్టరును సవరించారు.

డబ్బా మీద "80 ప్లస్" అనీ, బ్రాంజు, గోల్డు అనీ ముద్రలుంటాయి. అవి పొదుపును చెబుతాయి, బలాన్ని కాదు. సగం భారం మీద బ్రాంజు రకం నూటికి 85 పాళ్లు లోపలికి పంపుతుంది. లోపల 300 వాట్లు కావాలంటే గోడ నుంచి 353 తీసుకుంటుందన్నమాట.

ఆఫీసుల్లో వాడి అమ్మేసిన కంపెనీ కంప్యూటర్లు మన పిల్లలు చాలామంది కొంటున్నారు. వాటిలో కొన్నింటికి డబ్బా ఆకారమూ వేరు, మదర్‌బోర్డుకు తగిలే కనెక్టరూ వేరు. బజారు ఎస్.ఎం.పి.ఎస్. అందులో పట్టదు. కార్డు కొనకముందే పక్క రేకు ఊడదీసి ఫొటో తీసుకుని వెళ్లండి. అదే సమయంలో స్కేలు పెట్టి, కార్డుకు ఎంత పొడవు చోటుందో కూడా కొలవండి.

మేము చివరకు 550 వాట్లది తీసుకున్నాం. 12 వోల్టుల దగ్గర 45 ఆంపియర్లు, అంటే 540 వాట్లు. ఖరీదు కార్డుకు పెట్టినదానిలో నాలుగో వంతు లోపే. దాని తీగలు ఊడదీసే రకం. వాటిని ఒక సంచిలో వేసి, ఏ డబ్బావో పేరు రాసి పెట్టాను. ఒక డబ్బా తీగ మరొక డబ్బాకు చక్కగా దిగినా, లోపలి వరుస వేరై ఉండవచ్చు, డిస్కును కాల్చెయ్యవచ్చు. కాలిపోయిన పాత డబ్బాను మాత్రం బడికి తీసుకువెళ్లాను. పదో తరగతిలో విద్యుత్తు పాఠం వచ్చినప్పుడు బల్ల మీద పెట్టి, "ఈ చీటీ చదివి లెక్క చెయ్యండి" అంటాను. ఈ ఏడు ముందుగా లెక్క తేల్చిన అమ్మాయి, "మరి 450 అని ఎందుకు రాశారు మిస్?" అని అడిగింది.