మబ్బులోని కవిలెకట్ట
(నరసరావుపేటలో పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



పూర్వము పలనాటి గ్రామములలో ఊరి లెక్కలు కరణముగారి కవిలెకట్టలో నుండెడివి. భూముల వివరములు, శిస్తులు, సరిహద్దులు అన్నియు నందే. కల్నల్ మెకంజీ మనుష్యులు రెండువందల యేండ్ల క్రిందట ఊరూర కైఫీయతులు వ్రాయించుకొన్నపుడు ఈ కవిలెలే ఆధారమైనవి. కట్టకు చెదపట్టినచో ఊరి జ్ఞాపకమే పోయెడిది. 1984లో కరణముల పద్ధతి రద్దయినది. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు వెలసిన పిమ్మట ఊరి కాగితములలో పెక్కులు కంప్యూటరులోనికిని, అచ్చటినుండి 'క్లౌడు'లోనికిని చేరినవి.

క్లౌడనగా మబ్బు. పేరు మబ్బేగాని అది ఆకాశమున నుండదు. ఎచ్చటనో యొక పెద్ద భవనములో, విద్యుచ్ఛక్తితో నడచు యంత్రములలో మన ఫైళ్లుండును. ఇంటర్నెట్టు ద్వారా వానిని చూచుచున్నాము. పంచాయతీ పద్దులకు 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ కలదు. అందలి లెక్కలను ఎవరుబడిన వారు తుడిచివేయజాలరు. చిక్కంతయు మనము సొంతముగా వాడుకొను గూగుల్ డ్రైవ్ వంటివానితోనే.

అందు ఉచితముగా లభించు చోటు 15 గిగాబైట్లు. జీమెయిలు, డ్రైవ్, ఫొటోలు మూడింటికిని కలిపి ఇంతే. 2024 నుండి ఆండ్రాయిడ్ ఫోనులలోని వాట్సాప్ నకళ్లును ఈ లెక్కలోనికే వచ్చినవి. శుభోదయపు బొమ్మల బరువెంతయో ఇప్పుడు తెలియుచున్నది!

చోటు నిండినచో క్రొత్త ఫైళ్లు చేరవు, ఉత్తరములు రావు. అప్పుడు తొందరపడి తుడుచుటకు పూనుకొందుము. మేమెరిగిన ఒక గ్రామమున ఇట్లే జరిగినది. సిమెంటు రోడ్డు పనికి తీసిన ఫొటోలు క్లౌడులో నున్నవిగదాయని ఫోనులో తుడిచివేసిరి. రెండును ముడిపడియున్న సంగతి వారెరుగరు. ఇచ్చట తుడిచినది అచ్చటను పోయినది. ఆడిటు వచ్చువరకు ఎవరును చూడలేదు. అప్పటికి గడువు దాటినది.

ఆ గడువేమనగా, డ్రైవ్‌లో తుడిచిన ఫైలు ట్రాష్ బుట్టలో 30 దినములుండును. గూగుల్ ఫొటోలలో నకలు చేరిన చిత్రమునకు 60 దినములు. ఆలోపల తిరిగి తీసికొనవచ్చును. డ్రైవ్ బుట్టలో నున్నంతకాలము ఫైలు చోటు నాక్రమించుచునే యుండును. బుట్ట ఖాళీచేసిన పిమ్మట వగచి లాభములేదు.

యజమాని యెవరను ప్రశ్న ఇంతకంటె ముఖ్యము. ఫైలు ఎవరి ఖాతాలో పుట్టినదో వారే యజమాని. మనకు పంచియున్నను, వారు పూర్తిగా తొలగించినచో మనకును పోవును. కార్యదర్శి మాచర్లనుండి గురజాలకు బదిలీయైనపుడు తీర్మానముల నకళ్లు ఆయన సొంత ఖాతాలో నుండిపోయినచో పంచాయతీకి మిగులున దేమి? రెండేండ్లు వాడని సొంత ఖాతాను గూగుల్ సంస్థ తొలగింపవచ్చును గూడ. కావున ఖాతా పంచాయతీ పేర నుండవలెను. ఛార్జి అప్పగించునాడు బీరువా తాళముతోబాటు ఖాతాను అప్పగించి, పాస్‌వర్డును, దానికి ముడిపెట్టిన ఫోను నంబరును మార్పవలెను.

ఒకే ఫొటో నాలుగు నకళ్లున్నచో మూడు తుడువుడు. పెద్ద వీడియోలు తుడువుడు. పరిమాణము ననుసరించి పెద్దవానిని ముందు చూపు ఏర్పాటు డ్రైవ్‌లోనే కలదు. లబ్ధిదారుల ఆధార్ నకళ్లను పని తీరిన పిమ్మట ఉంచుకొనుట ప్రమాదకరము. తీర్మానములు, వోచర్లు, ఎం.బుక్కులు, పనుల ఫొటోలు మాత్రము ముట్టరాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టపు 4వ సెక్షను రికార్డులను పట్టికవేసి యుంచుమనుచున్నది. ఎవరేని అడిగియున్న సమాచారమును నాశనము చేసినచో సమాచార అధికారికి 25,000 రూపాయల వరకు జరిమానా కలదు.

మబ్బునొక్కదానినే నమ్ముటయు తగదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్ నగరమున ప్రభుత్వ సమాచార కేంద్రమునకు నిప్పంటుకొని, ఉద్యోగులు దాచుకొన్న 858 టెరాబైట్ల ఫైళ్లు నశించినవి. వేరొకచోట నకలు లేదు. నెలకొకసారి హార్డ్‌డిస్కులో నకలు తీసి బీరువాలో నుంచుట మనకు పెద్దపని కాదు. తీర్మానపు పుస్తకమును కాగితముమీదనే యుండనిండు. ఊరికి పోగానే, రాబోవు సమావేశపు అజెండాలో మీ ఖాతా యెవరి పేర నున్నదో చూచు అంశమును చేర్చుకొనుడు.