దూతకు రక్షణ, దూతకు బాధ్యత
(పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



దూత వధార్హుడు కాడను నీతి మనకు క్రొత్తది గాదు. లంకలో విభీషణుడు రావణునకు బోధించినది యిదియే. జాబులోని మాటకు జాబు తెచ్చినవానిని దండింపరాదు. ఇంటర్నెట్టు సంస్థల విషయమున ఐరోపా సమాఖ్య 2000 సంవత్సరమున నేర్పరచిన నియమములకు ఈ నీతియే పునాది. పరుల మాటలను తన యొద్ద నిలువచేయు సంస్థ, వానిని తాను వ్రాయలేదు గనుక, దోషి కాదు. అయితే అవి శాసనవిరుద్ధములని యెరిగిన పిమ్మట వెంటనే తొలగింపవలెను. ఎరిగియు నుపేక్షించినచో రక్షణ పోవును.

కాని యిరువది యేండ్లలో దూత మారిపోయెను. ఏ జాబు ముందు, ఏది వెనుక, ఎవరి కంట బడవలెను అనునది తానే నిర్ణయించుచున్నాడు. ఒకని మాటను తుడిచివేసి కారణము చెప్పకున్నను అడుగువాడు లేకపోయెను. రాజు కానివాడు రాజ్యమేలజొచ్చెను. ఇందులకు ప్రత్యుత్తరమే 2022 అక్టోబరులో ఆమోదింపబడి, 2024 ఫిబ్రవరి 17వ తేదీనుండి పూర్తిగ అమలునకు వచ్చిన డిజిటల్ సర్వీసెస్ ఆక్టు.

ఈ శాసనమునుగూర్చి రెండపోహలు గలవు. ఏ మాట తప్పో యిది నిర్ణయించునని కొందరందురు. కాదు, అక్రమమేదో ఇతర శాసనములు, ఆయా దేశముల చట్టములు చెప్పును. సంస్థలు ప్రతి మాటను ముందుగనే గాలింపవలెనని మరికొందరందురు. అదియు గాదు, అట్టి సాధారణ నిఘాను విధింపరాదని 8వ అధికరణమే శాసించుచున్నది.

మరి క్రొత్త యేమి? మాటను తొలగించినచో సంస్థ స్పష్టమైన కారణమును తెలుపవలెను. సామాజిక వేదికలవంటివి, మిక్కిలి చిన్న సంస్థలు తప్ప, కనీస మారునెలల వరకు రుసుము లేకుండ ఫిర్యాదును స్వీకరింపవలెను. ఆ ఫిర్యాదుపై తీర్పును యంత్రమునకే విడిచిపెట్టరాదు. ఐరోపాలో నెలకు 4 కోట్ల 50 లక్షల మందికి తక్కువ గాక వాడు సేవలకు మరింత భారము గలదు. తమవలన సమాజమునకు కలుగు ముప్పులను ఏటేట పరిశీలించుకొని, స్వతంత్ర ఆడిటునకు లోబడవలెను. 2023 ఏప్రిలులో మొదట ఇట్టివి 19 గుర్తింపబడెను. శాసనమును మీరినచో జరిమానా ప్రపంచవ్యాప్తమైన వార్షిక రాబడిలో నూటికి 6 వంతులవరకు ఉండవచ్చును.

2025 డిసెంబరులో, పూర్వము ట్విట్టరనబడిన ఎక్సు సంస్థకు 12 కోట్ల యూరోల జరిమానా విధింపబడెను. దానికి కారణము ఎవరి అభిప్రాయమును గాదు. సొమ్మునకు లభించు నీలిగుర్తు జనులను భ్రమింపజేయుట, ప్రకటనల వివరములు సరిగా బయటపెట్టకుండుట, పరిశోధకులకు సమాచారము నందనీయకుండుట అను మూడును.

ఇందు అపాయము లేదా? కలదు. జరిమానాకు వెరచి సంస్థలు న్యాయమైన మాటలనుగూడ తుడిచివేయవచ్చును. మన దేశమున 79వ సెక్షను కూడ మధ్యవర్తికి రక్షణ నిచ్చుచున్నది. కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటీసో రానిదే వానికి 'ఎరుక' కలిగినట్లు గాదని 2015లో శ్రేయా సింఘాల్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఐరోపాలోనో, సామాన్యుడిచ్చు నోటీసైనను హేతుబద్ధమైనచో చాలును. కావున అచ్చట మాట తొలగుట సులభము. అందుచేతనే కారణము చెప్పు విధియు, ఫిర్యాదు హక్కును అచ్చట అలంకారములు గావు; వాక్స్వాతంత్ర్యమునకు కవాటములు.

సోదరులారా, జరిమానాల మొత్తమును చూచి ఈ శాసనమును కొలువకుడు. నోరు మూయబడిన సామాన్యుడు 'ఏల?' అని యడిగినప్పుడు, ఎంతటి సంస్థయైనను బదులు చెప్పవలసివచ్చినదా లేదా యనునదే దీనికి గీటురాయి.