మాటల్లేని భీముడు



ఇంట్లో మూడేళ్ళ పిల్లవాడు ఉంటే ఒక చేతిలో అన్నం గిన్నె, ఇంకో చేతిలో సెల్‌ఫోను మనకు తప్పవు గదా! వాడు ఆ బొమ్మల్లో లీనమై నోరు తెరుస్తాడు, మనం ముద్ద పెడతాం. ఆ బొమ్మల్లో ఏం జరుగుతోందో మనం చూస్తామా? చెప్పొద్దూ, చాలాకాలం నేనూ చూడలేదు. ఈవేళ ఆ బొమ్మల్లో ఒకడి సంగతి చెబుతాను. వాడు మన హైదరాబాదులో పుట్టినవాడే. పేరు ఛోటా భీమ్.

మనకు తెలిసిన భీముడు వేరు. చిన్నప్పుడు దుర్యోధనుడు విషాన్నం పెట్టి గంగలో తోయించాడు. అతను నాగలోకం చేరి, ఎనిమిది కుండల రసం తాగి, పదివేల ఏనుగుల బలంతో తిరిగొచ్చాడు. ఈ కథ మనకు అమ్మమ్మలు చెప్పారు. 1972లో వచ్చిన ‘బాల భారతం’ సినిమాలో పాండవుల చిన్నతనం తెరమీదా చూశాం.

ఆ భీముడి పేరు, బలం, తిండి మాత్రం తీసుకుని రాజీవ్ చిలక అనే ఆయన కొత్త పిల్లవాణ్ణి తయారుచేశారు. ఆయన 2001లో హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ అనే బొమ్మల సంస్థ పెట్టారు. మొదట్లో విక్రమార్కుడు, బేతాళుడు, చిన్నికృష్ణుడు, ఇలా మన చందమామ చదివినవాళ్ళకు పరిచయమైన కథలూ తీశారు. 2008లో పోగో చానల్లో ఛోటా భీమ్ వచ్చాడు. ఊరు ఢోలక్‌పూర్. కౌరవులూ లేరు, కురుక్షేత్రమూ లేదు. కాషాయరంగు ధోవతి, నుదుట బొట్టు, నోట్లో లడ్డూ. లడ్డూ తింటే చాలు, ఎంతటివాణ్ణయినా పడగొడతాడు. ఆ ఏళ్ళలో బడిసంచీల మీదా, పెన్సిలు డబ్బాల మీదా, చివరికి పుట్టినరోజు కేకుల మీదా వాడే!

నాకు రెండు ఫిర్యాదులుండేవి. ఒకటి చుట్కీ. తెలివైన పిల్ల, ధైర్యమూ ఉంది. అయినా చాలాసార్లు ఆమె పనల్లా భీముడికి లడ్డూ అందించడమే. 2020లో భీముడు రాకుమారి ఇందుమతిని పెళ్ళాడాడని పుకారు పుట్టి, చుట్కీకి అన్యాయం జరిగిందని దేశమంతా గోలపెట్టారు. వాళ్ళింకా చిన్నపిల్లలే, పెళ్ళేమిటని ఆ సంస్థే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. పెళ్ళి విషయంలో అంత బాధపడ్డవాళ్ళు, ఆ పిల్ల లడ్డూల పళ్ళెం మాట ఎత్తలేదు.

రెండోది భాష. హైదరాబాదులో పుట్టి ఈ భీముడు మొదట హిందీ మాట్లాడాడు. మా వీధిలో పిల్లలు తెలుగులో ఆడుకుంటూ మధ్యలో హిందీలో కేకలేసేవాళ్ళు. నేర్చుకుంటే మంచిదే, కాదనను. కానీ మన పిల్లవాడే పొరుగింటి భాషతో ఇంట్లోకి వచ్చినట్టుండేది.

ఇక అసలు మార్పు 2019 ఏప్రిల్ 12న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ‘మైటీ లిటిల్ భీమ్’ అని పేరు. ఇందులో భీముణ్ణి బాగా వెనక్కి, పారాడే వయసుకు తీసుకెళ్ళారు. బొద్దు చెంపలు, గుండ్రటి పొట్ట. అన్నిటికన్నా పెద్ద మార్పు, మాటలు తీసేశారు. ఆ పసివాడి ఊఁ, ఆఁలూ, నవ్వూ, సంగీతమూ తప్ప సంభాషణ లేదు. ఒక్కో కథ పట్టుమని పది నిమిషాలు కూడా ఉండదు. మాటే లేనప్పుడు ఏ దేశానికీ డబ్బింగ్ అక్కర్లేదు గదా! భారతదేశం బయట 2 కోట్ల 70 లక్షల ఇళ్ళలో దాన్ని చూశారని ఆ ఏడాదే నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు చెప్పారు. తర్వాత హోళీకి, దీపావళికి, గాలిపటాల పండగకి విడిగా కథలు తీశారు.

విచిత్రమేమంటే, సరిగ్గా అదే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక సలహా ఇచ్చింది. ఏడాది లోపు పిల్లలకు టీవీ, ఫోను అసలే వద్దంది. ఏడాది దాటినా రెండు నిండేదాకా మంచిది కాదంది. రెండు నుంచి నాలుగేళ్ళవాళ్ళకు రోజుకు గంట మించవద్దంది. ఆ కూర్చునే సమయంలో పెద్దవాళ్ళు పక్కన కూర్చుని కథ చెబితే మంచిదంది.

ఈ ముక్క నాకు మా అక్కయ్య మనవడి దగ్గర అర్థమైంది. అమెరికాలో పుట్టాడు. మూడేళ్ళవాడు. మిరపకాయల కల్లాలప్పుడు మార్టూరు వచ్చారు. వాడికి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే. వాళ్ళమ్మ ఫోనులో ఈ పసి భీముణ్ణి పెట్టింది. మాటలున్న బొమ్మలైతే నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని. ఇందులో మాట్లాడేవాళ్ళెవరూ లేరు, అందుకని నేనే మొదలుపెట్టాను. “అయ్యో, పడ్డాడు!” “వాళ్ళమ్మ చూస్తే?” “దొంగ! లడ్డూ ఎక్కడ దాచాడు?” వాడు నా మొహం చూడ్డం, బొమ్మ చూడ్డం. నాలుగో రోజుకు “పడ్డాడు” అన్నాడు. మా అక్కయ్య తొడిమలు తీస్తున్నదల్లా చేట పక్కన పెట్టి లేచి వచ్చింది.

అదే బొమ్మ వాడి ముందు పెట్టి నేను నా పనికి పోయిన రోజు ఒక్క మాటా రాలేదు. కన్నార్పకుండా చూశాడు, అంతే.

వాళ్ళు వెళ్ళి ఏడాదవుతోంది. ఇప్పుడు వీడియోకాల్‌లో నన్ను చూడగానే ఫోను టీవీవైపు తిప్పుతాడు. తెర సగమే కనిపిస్తుంది నాకు. “చిన్నమ్మమ్మా, చెప్పు” అంటాడు.