అతుకుల బొంత

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



క్రిందటి సంవత్సరము మేము ఏడవ తరగతి పిల్లలకు, ఆడపిల్లలకే గాక మగపిల్లలకును, బొంత కుట్టుట నేర్ప నారంభించినపుడు కొందరు పెద్దలు నొచ్చుకొనిరి. "బిడ్డలను బడికి పంపినది పేలికలు కుట్టుటకా?" యని యొక తండ్రిగారు మమ్ము సూటిగనే అడిగిరి. ఆ ప్రశ్నలో కోపముకంటె బాధయే యెక్కువగ మాకు వినబడినది. కంబళి కొనలేని యింట బొంత యుండెడిది. ఆ లేమిని మఱచుటకే వారు బిడ్డను చదివించుచున్నారు. మరల ఆ బిడ్డ చేతికి పేలిక నిచ్చితిమి గదా! వారికి మేము సమాధానము చెప్పవలసియున్నది.

మన భాషయు బొంతను అంతగా గౌరవింపలేదు. పొంతన లేని పనిని "అతుకుల బొంత" యందుము. "గంతకు తగిన బొంత" యనుటలోను ఎగతాళియే గాని మెప్పు లేదు. అయినను సంస్కృతమున 'కంథ' యనునది యిదియే. వంగదేశమున అదే 'కాంథా' యను పేర నేడు ప్రదర్శనశాలల కెక్కినది. మన బళ్లారి వీధులలో కన్నడిగులు దీనిని 'కౌది' యందురు. మహారాష్ట్రులు 'గోధడి' యందురు. మన పిల్లలను అడిగి చూచితిమి. పలువురకు కౌది తెలియును, బొంత తెలియదు. వస్తువు ఇంటనే యున్నది. పేరు గడప దాటిపోయినది.

కావున మేము మొదట చేసినది కుట్టుట కాదు, వెదకుట. అమెరికాలో 'కాన్సస్ సిటీ స్టార్' అను వార్తాపత్రిక 1928 మొదలు 1961 వరకు బొంతల నమూనాలను పేర్లతో సహా అచ్చువేసినది. ఇల్లాండ్రు వానిని కత్తిరించి దాచుకొనిరి గనుక అవి నేటికిని నిలిచియున్నవి. మన యిండ్లలోని వానిని అట్లు అచ్చువేసినవారు లేరు. అవి పెట్టెల అడుగున, అటకమీది మూటలలో ఉన్నవి. లేదా స్టీలు సామానులవాని తట్టలోనికి పోయినవి. పాత గుడ్డలకు గిన్నె నిచ్చు ఆ బేరము మన బొంతలకు చేసిన చేటు ఎలుకలు సైతము చేయలేదు.

పిల్లలు 14 బొంతలు తెచ్చిరి. వానిని వరండాలో పఱచి, గళ్ల కాగితముపై గీసికొంటిమి. చాలవఱకు చదరపు ముక్కలే. అడ్డముగ మూడు, నిలువుగ మూడు ముక్కలు చేర్చిన తొమ్మిది ముక్కల గడి మూడు బొంతలలో కనబడినది. రెండింటిలో చదరములను మూలకు కోసిన త్రిభుజములు కలవు. ఒక దానిలో నమూనా ఏదియు లేదని ప్రక్కన పెట్టితిమి. దానిని తెచ్చిన బాలుని అవ్వ బడికి వచ్చి, వ్రేలితో చూపుచు, "ఇది చినిగినకాడ ఏసిన అతుకు నాయనా. ఒక మూలన అదొక్కటే బాగుండలేదని తక్కిన మూడు మూలలా మూడు ఏసినా" అనినది. నమూనాకు చిరుగే మూలమని ఆమె చెప్పువఱకు మాకు తోచలేదు.

గడులు లేనిచో అమరికయు లేదనుకొనరాదు. ఉత్తర కన్నడ జిల్లాలోని యల్లాపుర, హళియాళ ప్రాంతముల సిద్ది స్త్రీలు ఒక మూల నారంభించి, అంచు వెంబడి ముక్కలు కుట్టుకొనుచు చుట్టివచ్చి నడిమికి చేరుదురు. నాలుగు మూలల మడత గుడ్డల పూవులు పెట్టనిదే వారికి బొంత పూర్తి కాదు.

ఇక మా కుట్టు సంగతి. గడి 9 అంగుళములు రావలెనని పిల్లలు 3 అంగుళముల ముక్కలు తొమ్మిది కత్తిరించిరి. కుట్టి కొలువగా 8 అంగుళములే వచ్చినది. ప్రక్క గడులతో చేర్చిన పిమ్మట ఏడున్నరయే మిగిలినది. తక్కిన గుడ్డ యెచటికి పోయెనని బల్లక్రింద చూచినవారును కలరు! ప్రతి ముక్కకు ప్రతి ప్రక్కను పావంగుళము కుట్టులోనికి పోవును. కావున మూడున్నర కత్తిరింపవలెను.

త్రిభుజముల కిదియు చాలదు. ఏటవాలు అంచునకును కుట్టులో చోటు విడువవలెను గనుక, లెక్క చూచిన 3 అంగుళములకు సుమారు 0.85 అంగుళము కలుపవలసివచ్చును. కుట్టువారు 7/8 గా తీసికొని, ఆ కొలత చదరమును మూలకు కోయుదురు. ఆ లెక్క చేసి యిచ్చినవాడు పదవ తరగతి బాలుడు. రెండు యొక్క వర్గమూలము ఎందులకు పనికివచ్చునని రెండేండ్లుగా మమ్ము అడుగుచుండెను, ఇపుడు మానినాడు.

ఏటవాలు అంచు పడుగు వెంటను పోదు, పేక వెంటను పోదు, లాగిన సాగును. అచట చేయి తేలికగ నుండవలెను. ముక్కలకు సన్నసూది చాలును గాని, పొరలు కలిపి కుట్టుటకు దబ్బనము కావలెను. పొరల నడుమ ముడుతలు నిలువకుండ నడిమి నుండి అంచులకు టాకాలు వేసికొని, పిదప కుట్టవలెను. అడుగున వాడి మెత్తబడిన నూలుచీర యుండుట మేలు. పాలియెస్టరు జారును, చెమట పీల్చదు.

మమ్ము ప్రశ్నించిన తండ్రిగారి యింటి బొంత ఇంకను మా వరండాకు రాలేదు. వారినే గాక మీ యందఱిని కోరుచున్నాము. తెచ్చిన బొంతను మేము ఉంచుకొనము. కొలిచి గీసికొని సాయంకాలమునకే పిల్లల చేత తిరిగి పంపెదము. ఉతికి పంపవలదు, చినిగినచోట సరిచేయవలదు. మీ యింటి పెద్దలు ఆ అమరికను ఏమని పిలిచిరో యొక చీటిపై వ్రాసి పంపుడు. ఆ పేరు కన్నడమున నున్నను అట్లే వ్రాయుడు.