చర్ల దాకా రావాల్సిన హక్కు



2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు 36 అడుగులు దాటింది. బొక్కలగడ్డలో, ప్రకాశ్‌నగర్‌లో నీళ్లు తీశాక వాకిళ్లలో బురద పట్టిన టీవీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు. ఎలక్ట్రానిక్స్ చదివి పట్టాలు అందుకున్న మీకు తెలుసు, తడిసిన బోర్డు ప్రతిదీ చచ్చినట్టు కాదు. కరెంటు ఇవ్వకముందే విప్పి, కడిగి, ఆరబెట్టి, తుప్పు పట్టిన ఐసీ మారిస్తే కొన్నయినా లేస్తాయి. అయితే ఆ ఐసీ దొరకాలి. సర్క్యూట్ డయాగ్రం కావాలి. ఆ రెండూ కంపెనీ చేతిలో ఉన్నాయి.

అంతకు రెండేళ్ల ముందు, 2022 జూలైలో, భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. ఆ నెలలోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కొన్న వస్తువును నచ్చినచోట బాగుచేయించుకునే మరమ్మతు హక్కుపై నిధి ఖరే అధ్యక్షతన కమిటీ వేసింది. డిసెంబరులో ఆ హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచారు. వారంటీ వివరాలు, సర్వీస్ సెంటర్ల సమాచారం అందులో పెట్టారు. మంచి పనే. కానీ ఏజెన్సీలోని చర్లలోనో వెంకటాపురంలోనో ఫోను పగిలిన మనిషికి దూరాన ఉన్న సర్వీస్ సెంటర్ అంటే బస్సు చార్జీ, పోయిన కూలి. అతనికి కావాల్సింది ఊళ్లోని మెకానిక్ చేతికి ఒరిజినల్ డిస్‌ప్లే రావడం. పోర్టల్ ఆ పని చేయించలేదు. చట్టం చేయించగలదు.

ఫ్రాన్స్ 2021లోనే ఫోన్ల మీద, టీవీల మీద, ఎంత సులువుగా బాగుచేయవచ్చో చెప్పే మరమ్మతు మార్కులు వేయించడం మొదలుపెట్టింది. అమెరికాలో ఓరెగన్ రాష్ట్రం 2024లో ఇంకో అడుగు వేసింది: వేరేచోట భాగం మారిస్తే ఫోను సరిగా పనిచేయకుండా సాఫ్ట్‌వేర్‌తో తాళం వేయడాన్ని నిషేధించింది. మన దగ్గరా 2025 మేలో అలాంటి మార్కులిచ్చే మరమ్మతు సూచీపై నివేదిక వచ్చింది. అది సిఫారసుగా మిగిలిపోకూడదని నా గట్టి కోరిక.

బయటివాళ్లు విప్పితే ప్రమాదమని కంపెనీలు అంటాయి. లిథియం బ్యాటరీ విషయంలో ఆ భయం నిజమే. అందుకే ఒరిజినల్ బ్యాటరీ, సరైన మాన్యువల్ అందరికీ అమ్మాలంటున్నాను. అవి అందనప్పుడే మెకానిక్ నకిలీ బ్యాటరీ వేస్తాడు.

మీలో కొందరు ఏజెన్సీ ఊళ్లలో షాపు పెడతారు. ఏ మోడల్‌కు ఏ భాగం దొరకలేదో, కంపెనీ ఏం జవాబిచ్చిందో తేదీ వేసి రాసి పెట్టుకోండి. వారంటీలో ఉన్న వస్తువుకు కూడా పని జరగకపోతే, వచ్చిన మనిషి చేత అక్కడే 1915కి ఫోన్ చేయించండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫిర్యాదు నంబరు బిల్లు మీద రాసివ్వండి.