పొదుపు నుంచి పద్దు దాకా: నల్లజాతి మహిళల ఆర్థిక విద్య
(మ్యాగీ లీనా వాకర్ స్మారకోపన్యాసం)

అమెరికాలోని నల్లజాతి మహిళా వ్యాపారులకు ఆర్థిక విద్య అనగానే నేటి శిక్షణ తరగతులు, సలహా కేంద్రాలు గుర్తుకు రావడం సహజమే అయినా, ఆ విద్య చరిత్ర అంతర్యుద్ధం ముగిసిన 1865 దాకా వెనక్కి వెళ్తుంది. పొదుపు చేయమనే హితబోధతో పాటు జమాఖర్చులు రాయడం, అప్పు షరతులు చదివి అర్థం చేసుకోవడం, దాచిన సొమ్ము ఎవరి చేతుల్లో ఏమవుతున్నదో లెక్క అడగడం కూడా ఆర్థిక విద్యలో భాగాలేనన్న అర్థంలోనే ఆ మాటను ఈ సభ స్వీకరించాలి. వీటిలో చివరిది కొరవడితే మిగిలినవి ఎంతగా నిష్ఫలమవుతాయో ఆ చరిత్రలోని మొదటి ఘట్టమే చూపుతుంది.

బానిసత్వం నుంచి అప్పుడప్పుడే విముక్తులవుతున్న వారి కూలి డబ్బును, నల్లజాతి సైనికుల జీతాలను భద్రపరచడానికి 1865 మార్చి 3న అధ్యక్షుడు లింకన్ సంతకంతో ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు ఏర్పడింది. రోజుకు 10 సెంట్ల చొప్పున దాచుకుంటూ పోతే 6 శాతం వడ్డీతో పదేళ్లకు సుమారు 489 డాలర్లు చేతికి వస్తాయని దాని పాస్‌బుక్‌లోని పట్టిక వివరించేది. అక్షరాలు దిద్దుకుంటున్న వారికి అదే లెక్కల వాచకం కూడా అయింది. పట్టికలోని కూడికలో తప్పేమీ లేదు. అయితే ఆ బ్యాంకుకు ప్రభుత్వ పూచీ లేదన్న సంగతి గానీ, 1870లో సవరించిన చట్టం వల్ల డిపాజిట్లను స్థిరాస్తి తాకట్టు అప్పులుగా ఇవ్వడానికి దారి తెరుచుకున్న సంగతి గానీ ఖాతాదారులకు విడమరచి చెప్పినవారు లేరు. పలుకుబడి గలవారికి సరైన హామీ లేకుండా అప్పులు వెళ్లాయి, 1873 ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది, ఆ మరుసటి ఏడాది మార్చిలో నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ను తెచ్చి అధ్యక్ష పీఠంపై కూర్చోబెట్టేనాటికే పుట్టి మునిగిపోయింది. సొంత డబ్బు 10,000 డాలర్లు బ్యాంకుకు అప్పిచ్చినా ఆయన దానిని నిలబెట్టలేకపోయారు. 1874 జూన్ చివరికి బ్యాంకు మూతపడగా, 61 వేల మందికి పైగా ఖాతాదారుల సొమ్ము, దాదాపు 30 లక్షల డాలర్లు, అందులో ఇరుక్కుపోయింది. తరవాతి సంవత్సరాల్లో కొందరికి కొంత భాగం మాత్రమే తిరిగి దక్కింది.

నల్లజాతివారికి బ్యాంకులంటే అపనమ్మకమనీ, అది అజ్ఞానం వల్ల కలిగిందనీ తరవాత చాలాకాలం వినిపించిన మాట న్యాయమైనది కాదు. వారి అపనమ్మకం అనుభవం నేర్పినది. సొమ్ము తమ కళ్లెదుట, తాము నిలదీయగల మనుషుల దగ్గరే ఉండాలని గ్రహించిన వారిలో బట్టలు ఉతికేవారు, వంటపని చేసేవారు, కుట్టుపనివారు ఎందరో ఉన్నారు. నెలనెలా చిన్న చందా కట్టించుకుని, జబ్బు చేస్తే భత్యాన్ని, చనిపోతే ఖనన ఖర్చును ఇచ్చే పరస్పర సహాయ సంఘాలను వారు బలపరిచారు. ఆ సంఘాల్లో మహిళలు కార్యదర్శులుగా, కోశాధికారులుగా పద్దులు రాశారు, సమావేశంలో వాటిని చదివి వినిపించారు. తెలుగునాట పొదుపు సంఘాల పుస్తకాలు రాసిన మహిళలకు ఇది ఎంతటి చదువో వేరే చెప్పనక్కర్లేదు.

మేరీ ప్రౌట్ అనే నల్లజాతి మహిళ బాల్టిమోర్‌లో స్థాపించిన సెయింట్ లూక్ సంఘం అటువంటిదే. దాని రిచ్మండ్ శాఖలో పదునాలుగేళ్ల వయసులో చేరిన మ్యాగీ వాకర్ ఒక చాకలి పని చేసే తల్లి కూతురు. చదువుకుని ఉపాధ్యాయురాలైన ఆమె 1886లో పెళ్లి చేసుకోవడంతో, వివాహితలను బడిలో ఉంచుకోని నాటి నియమం వల్ల, ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. 1899లో ఆమె సంఘ ప్రధాన కార్యదర్శి అయ్యేనాటికి ఖజానాలో మిగిలింది 31 డాలర్ల 61 సెంట్లు. రెండేళ్లకే ఆమె ఒక పత్రిక, ఒక దుకాణం, ఒక బ్యాంకు కావాలని సంఘం ముందు ప్రణాళిక పెట్టడమే కాక, బ్యాంకు పని నేర్చుకోవడానికి రిచ్మండ్‌లోని ఒక తెల్లవారి బ్యాంకులో రోజూ కొన్ని గంటలు కూర్చుని అక్కడి వ్యవహారాన్ని గమనించింది. నేర్చిన వారే నేర్పగలరన్న పట్టుదల ఆమె ప్రతి పనిలోనూ కనిపిస్తుంది.

1903 నవంబరు 2న సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు తెరిచిన రోజున సుమారు 280 మంది జమ చేసిన మొత్తం 9,340 డాలర్ల 44 సెంట్లు. వంద డాలర్లకు మించి వేసినవారున్నారు, 31 సెంట్లతో ఖాతా తెరిచిన మనిషీ ఉన్నారు. ఆ 31 సెంట్లను కాదనకుండా పుస్తకంలోకి ఎక్కించడంలోనే ఈ బ్యాంకు ప్రత్యేకత ఉంది. పిల్లలకు పైసలు దాచుకునే చిన్న డబ్బాలు ఇచ్చి, ఒక డాలరు పోగవగానే వారి పేరిట ఖాతా తెరిచేవారు. డైరెక్టర్లలో మహిళలకు చోటు దక్కింది, గుమాస్తాలుగా యువతులు చేరారు. ఇంటిపనో, బట్టలుతికే పనో తప్ప దారి లేని నగరంలో టైపు, లెడ్జరు, రోజువారీ నగదు సరిచూడడం నేర్పిన చోటు వారికి అదే. అమెరికాలో బ్యాంకుకు అనుమతి పొంది అధ్యక్షురాలైన తొలి నల్లజాతి మహిళ అన్న కీర్తి వాకర్‌కు దక్కింది గానీ, ఆ కీర్తి కంటే ఈ శిక్షణే పెద్దది.

అన్నీ నెగ్గలేదు. 1905లో తెరిచిన సెయింట్ లూక్ ఎంపోరియం అనే దుకాణం కొన్నేళ్లకే మూతపడింది. తెల్ల వర్తకులు టోకు వ్యాపారులపై ఒత్తిడి తేవడం ఒక కారణమైతే, తనవారే తగినంతగా కొనకపోవడం రెండవదని వాకర్ బహిరంగంగానే మందలించింది. 1910లో రిచ్మండ్‌లోనే ట్రూ రిఫార్మర్స్ అనే మరో సంఘపు బ్యాంకు కూలిపోగా, సంఘం నుంచి బ్యాంకును వేరుచేయాలన్న రాష్ట్ర నిబంధనకు లోబడి ఆమె తన సంస్థను నిలుపుకుంది. మహామాంద్యంలో ఇతర నల్లజాతి బ్యాంకులతో విలీనమై కన్సాలిడేటెడ్ బ్యాంక్ అండ్ ట్రస్ట్‌గా మారిన ఆ సంస్థ పాలకవర్గానికి 1934లో మరణించేదాకా ఆమే అధ్యక్షురాలు.

ఈ కాలంలోనే కేశసౌందర్య వస్తువుల వ్యాపారం మరో బడి అయింది. ఆ వ్యాపారం చేసిన అన్నీ మలోన్ సెయింట్ లూయిస్‌లో 1918లో తన పోరో కళాశాల భవనాన్ని ప్రారంభించింది. తన సరుకులను ఇంటింటికీ తిరిగి అమ్మే మహిళలను అదే వ్యాపారంలోని మరో వాకర్, మేడమ్ సి.జె. వాకర్, 1917లో ఫిలడెల్ఫియాలో సమావేశపరచి, అమ్మకాలకే కాక దానధర్మాలకూ బహుమతులిచ్చింది.

చట్టం మాత్రం చాలా నెమ్మదిగా కదిలింది. అప్పు ఇవ్వడంలో స్త్రీపురుష భేదాన్ని, వైవాహిక స్థితిని చూడరాదన్న సమాన రుణావకాశ చట్టం 1974లో వచ్చింది, జాతి భేదాన్ని నిషేధించే సవరణ 1976లో గానీ రాలేదు. వ్యాపార రుణానికి మగ బంధువు సంతకం అడిగే రాష్ట్ర చట్టాలు తొలగినది 1988లో, మహిళా వ్యాపార యాజమాన్య చట్టం వల్ల. మహిళలకు శిక్షణ, సలహా ఇచ్చే కేంద్రాలకు సమాఖ్య నిధులు మొదలైనదీ దానితోనే. లెక్కలు వచ్చి, వ్యాపారం నడిపిన మహిళ కూడా అంతవరకూ తన సంతకానికి విలువ లేని చోటుల్లో బతికింది కాబట్టి, ఆమెకు చదువు తక్కువన్న ఉపదేశం వినడానికే విడ్డూరంగా ఉంటుంది.

ఆ తరవాత కూడా చట్టం అడ్డంకిగా మారిన సందర్భం ఉంది. నల్లజాతి మహిళల వ్యాపారాలకు పోటీ పెట్టి 20,000 డాలర్ల చొప్పున గ్రాంట్లు ఇచ్చిన అట్లాంటా సంస్థ ఫియర్‌లెస్ ఫండ్‌పై 2023లో వ్యాజ్యం పడింది. దానికి ఆధారంగా చూపినది 1866 పౌరహక్కుల చట్టం, అంటే విముక్తులైన బానిసలకు ఒప్పందాలు చేసుకునే హక్కు తెల్లవారితో సమానంగా ఉండాలని ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు పుట్టిన మరుసటి ఏడాది చేసిన చట్టమే. 2024 జూన్‌లో అప్పీళ్ల న్యాయస్థానం ఆ గ్రాంట్లను నిలిపివేయాలని ఆదేశించింది, సెప్టెంబరులో ఇరుపక్షాలూ రాజీకి రాగా ఆ పోటీని సంస్థ శాశ్వతంగా మూసివేసింది.